ముఖానికి రంగు వేసుకునే ముందు లెక్క చూచుకుందాం



ఈ మధ్య మన విశ్వాసుల్లో కొందరు ఆరాధన అయ్యాక ఆగి, గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, పిల్లల చదువులు అయిపోయాయి. చిన్నప్పటినుంచి నాకు నటన అంటే ఇష్టం. ఇప్పుడైనా నేర్చుకుని సీరియల్లోనో సినిమాలోనో ఒక చిన్న వేషానికి ప్రయత్నించవచ్చా? తప్పేమైనా ఉందా?" అడిగేవారికి నలభై ఐదు దాటాయి. ఒకరికైతే యాభై రెండు. గేదెలు కొంటామనో, కోళ్ళ ఫారం పెడతామనో ప్రార్థన చేయించుకునేవారు ఎవరూ గొంతు తగ్గించరు. ఈ ప్రశ్నకు మాత్రం తగ్గిస్తారు. ఊరు వింటే ఈ వయసులో ఇదేం పిచ్చి అని నవ్వుతుంది. సంఘం వింటే లోకంలో కలిసిపోయాడంటుంది. ఆ రెండు భయాల మధ్య నలిగేవారి కోసం, వారిని చూసి నవ్వే మన కోసం కూడా ఇది రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. నటించడం పాపం కాదు. దానికి వయసు మించిపోవడమంటూ కూడా లేదు. అయితే లక్ష్యాలు కాగితం మీద పెట్టుకోకుండా, "అంతా దేవుడే చూసుకుంటాడులే" అని సంచి సర్దుకుని హైదరాబాదు కృష్ణానగర్‌కు బస్సెక్కడాన్ని మాత్రం విశ్వాసం అని పిలవకూడదు.

వేషము, వేషధారి

నటన లోకసంబంధమని తేల్చేసే ముందు, డిసెంబరు నెలలో మన మందిరాలు ఎలా ఉంటాయో గుర్తుచేసుకుందాం. ఇంట్లో దుప్పట్లు గొర్రెల కాపరుల తలపాగాలవుతాయి. బంగారు రంగు కాగితం జ్ఞానుల కిరీటాలవుతుంది. హేరోదు వేషానికి మంచి గొంతున్న పెద్దాయనను వెదికి పట్టుకుంటాం. ఆయన కళ్ళెర్రజేసి అరిస్తే ముందు చాపమీద కూర్చున్న పసివాళ్ళు నిజంగానే ఏడుస్తారు. అయినా ఆయనను ఎవరూ పాపి అనలేదు, పైగా మరుసటి ఏడు కూడా ఆయనే కావాలంటాం. 1978లో వచ్చిన 'కరుణామయుడు' సినిమాలో విజయచందర్ గారు క్రీస్తు పాత్ర వేశారు. ఊళ్ళో తెర కట్టి ఆ సినిమా చూపించిన రాత్రులు మన సంఘాల్లో పెద్దవారికి ఇప్పటికీ గుర్తే. సిలువ దృశ్యం దగ్గర జనం ఏడ్చారంటే అక్కడ పనిచేసింది ఒక నటుని ముఖం, కళ్ళు, నడక.

లేఖనాల్లోకి వెళ్దాం. యెహెజ్కేలు గ్రంథం 4వ అధ్యాయంలో దేవుడు ప్రవక్తకు ప్రసంగం ఇవ్వలేదు, ఒక దృశ్యం ఇచ్చాడు. పెంకు మీద యెరూషలేము పటం గీయమన్నాడు. దాని చుట్టూ ముట్టడి వేయమన్నాడు. ఇనుప రేకును గోడలా నిలబెట్టమన్నాడు. 390 దినాలు ఎడమ పక్క మీద పడుకోమన్నాడు. అదంతా జనం చూసి గ్రహించడానికే. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయంలో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన చేతులు, కాళ్ళు తానే కట్టుకుని, జరగబోయేది చేసి చూపించాడు. నోటి మాటతో చెబితే సరిపోయేదే, అయినా చేసి చూపించాడు.

"మరి ప్రభువు వేషధారులను గద్దించాడు కదా, అయ్యగారూ?" అని అడగవచ్చు. మంచి ప్రశ్న. మన తెలుగు బైబిల్లో వేషధారి అని ఉన్నచోట గ్రీకు మూలంలో 'హుపొక్రిటేస్' అనే మాట ఉంది. నాటకశాలలో పాత్ర ధరించే నటుణ్ణి ఆ రోజుల్లో గ్రీకువారు ఆ పేరుతోనే పిలిచేవారు. అయితే మత్తయి సువార్త 6, 23 అధ్యాయాలు నెమ్మదిగా చదవండి. ప్రభువు ఆ పేరు పెట్టింది ఎవరికి? ధర్మం చేస్తూ, వీధి మూలల్లో ప్రార్థిస్తూ, ఉపవాసమని ముఖం వికారం చేసుకుంటూ మనుషుల మెప్పు వెదికిన భక్తులకు. వేదిక ఎక్కిన నటుడు నటిస్తున్నాడని టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు. వేషధారి ఆ సంగతి దాచిపెడతాడు. ఆ లెక్కన సీరియల్లో విలన్ వేషం వేసే సహోదరుని కంటే, శనివారం రాత్రి భార్యను కొట్టి ఆదివారం ముందు వరుసలో చేతులెత్తి పాడే సహోదరుడు ఎక్కువగా వణకాలి.

ఆలస్యంగా కనబడినవారు

కాలేబు 85 ఏళ్ళ వయసులో కొండ సీమ అడిగి తీసుకున్నాడని యెహోషువ గ్రంథం 14వ అధ్యాయంలో చదువుతాం. ఆ మాట పట్టుకుని వయసుదేముంది అని ఉత్సాహపడతాం. కానీ కాలేబు ఆ ఉదయమే కత్తి పట్టడం నేర్చుకోలేదు. ఆయన వెనుక ఎన్నో ఏళ్ళ అరణ్య ప్రయాణం, యుద్ధాలు ఉన్నాయి. మన తెలుగు నటుల విషయంలోనూ ఇదే కనబడుతుంది.

కోట శ్రీనివాసరావు గారు బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేశారు. మొదటి సినిమా 'ప్రాణం ఖరీదు' 1978లో వచ్చింది. ఆయన పేరు ఇంటింటికీ చేర్చిన 'ప్రతిఘటన' 1985లో వచ్చింది. అప్పటికి నలభై దాటాయి. గొల్లపూడి మారుతీరావు గారు ఆకాశవాణిలో పనిచేసి, రచయితగా పేరు సంపాదించాక, నలభై దాటిన వయసులో 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో తెరమీదికి వచ్చారు. జయప్రకాశ్ రెడ్డి గారు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. 'బ్రహ్మపుత్రుడు' 1988లో వచ్చింది. జనం ఆయనను గట్టిగా గుర్తుపట్టింది 1997లో 'ప్రేమించుకుందాం రా' తరువాత. నడుమ తొమ్మిదేళ్ళు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. అంత పేరు వచ్చాక కూడా ఆయన 'అలెగ్జాండర్' అనే నాటకాన్ని ఒక్కరే వేదిక మీద నిలబడి ప్రదర్శించేవారు.

వీరు ఆలస్యంగా మొదలుపెట్టారని మనం అనుకుంటాం. నిజానికి వీరు మనకు ఆలస్యంగా కనబడ్డారు. నాటకమో, రేడియోనో, రచనో, వారి సాధన ఎప్పుడో మొదలైంది. అందుకే "ఫలానా ఆయన నలభై మూడులో వచ్చాడు కదా, నేనూ వెళ్తాను" అనేవారిని మేము అడిగేది ఒక్కటే: ఆయన నలభై మూడుకు ముందు చేసినది మీరు ఎప్పుడు చేస్తారు?

వేదిక ఎక్కని వారి సంగతి వేరు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన గంగవ్వ గారు పొలం పనులు చేసి బతికిన మనిషి. యాభై దాటాక 'మై విలేజ్ షో' యూట్యూబ్ వీడియోల్లో నటించారు. 2019లో 'మల్లేశం' సినిమాలో కనబడ్డారు. 2020లో బిగ్ బాస్ ఇంటికి వెళ్ళి, ఆరోగ్యం సహకరించక మధ్యలోనే తిరిగి వచ్చారు. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో విశాఖపట్నంలోని ఆ ప్రాంతం వారే చాలామంది నటించారు. కథానాయకుడు పెళ్ళికాని ఒక నడివయసు అటెండరు. ఇటువంటి చోట్ల పనికొచ్చింది అందం, వయసు కాదు. వారి సొంత యాస, ఎండలో పనిచేసిన ముఖం, చూసిన బతుకు. యాభై ఏళ్ళ పల్లెటూరి మనిషి దగ్గర ఇవి ఉన్నాయి. మత్తయి 25వ అధ్యాయంలో తలాంతును భూమిలో పాతిపెట్టినవాడిని యజమానుడు మెచ్చుకోలేదని మనకు తెలుసు. దాన్ని బయటికి తీయాలనుకునేవారిని ఆపడానికి మేమెవరం?

లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి

ఇక్కడ మాకు గుర్తొచ్చేది నెహెమ్యా. యెరూషలేము గోడలు పడిపోయాయని విని ఆయన ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. రాజు అడిగినప్పుడు మాత్రం చక్కగా లెక్క చెప్పాడు. ఎంతకాలం పడుతుందో చెప్పాడు. దారిలో అధికారులకు తాకీదులు అడిగాడు. కలప కోసం అడవి కాపరికి ఉత్తరం అడిగాడు. ఊరు చేరాక ఎవరికీ చెప్పకుండా రాత్రివేళ తిరిగి, ఏ గోడ ఎంత పడిందో కళ్ళారా చూసుకున్నాడు. తరువాత 52 దినాల్లో గోడ లేచింది. ప్రార్థన చేసినవాడే ప్రణాళిక కూడా వేశాడు. ఆ వరుసలోనే ఐదు సంగతులు చెప్తాం. ఒక నోటుపుస్తకం తీసుకుని రాసుకోండి.

మొదటిది, మీ చేతిలో ఉన్న పనినే లక్ష్యంగా పెట్టుకోండి. "వచ్చే ఏడు పెద్ద హీరో సినిమాలో తండ్రి వేషం" అనేది లక్ష్యం కాదు, ఆశ. అది దర్శకుని చేతిలో, నిర్మాత చేతిలో, చివరికి దేవుని చేతిలో ఉంది. రేపు ఫలానా పట్టణానికి పోయి లాభం సంపాదిస్తామని చెప్పుకునేవారిని యాకోబు తన పత్రిక 4వ అధ్యాయంలో హెచ్చరించింది ఇందుకే. మీ చేతిలో ఉన్నవి ఇవి: రోజూ అరగంట పైకి చదవడం. నెలకు ఒక సన్నివేశం కంఠతా పట్టడం. దాన్ని ఫోన్లో తీసుకుని, మొగమాటం లేకుండా తప్పు చెప్పేవారికి చూపించడం. దగ్గర పట్టణంలో నాటక సమాజం ఉంటే అందులో చేరి, ఏడాదిలో రెండు నాటికల్లో ఎంత చిన్న వేషమైనా వేయడం. పరిషత్తు పోటీలు మన ప్రాంతాల్లో ఇప్పటికీ జరుగుతున్నాయి. అక్కడికి వెళ్ళి రాత్రంతా కూర్చుని చూడటం కూడా చదువే. ఆడిషన్‌కు వీడియో అడుగుతారు: పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు, నేరుగా ఒకసారి, రెండు పక్కలకు తిరిగి ఒకసారి ముఖం, ఒక నిమిషం డైలాగు. అది తయారుగా పెట్టుకోవడం ఒక లక్ష్యం. సంవత్సరాంతంలో "చేశాను" అనో "చేయలేదు" అనో చెప్పగలిగితేనే అది లక్ష్యం.

రెండవది, డబ్బుకు గీత గీయండి. లూకా 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచినవాడు మొదట కూర్చుని ఖర్చు లెక్క చూచుకుంటాడని ప్రభువు చెప్పాడు. పునాది వేసి ముగించలేకపోతే చూసేవారు నవ్వుతారని కూడా చెప్పాడు. మీరు భయపడే ఊరి నవ్వు గురించే ప్రభువు మాట్లాడాడు చూడండి. నెలకు ఇంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టను అని అంకె రాయండి. పీఎఫ్ డబ్బు, అమ్మాయి పెళ్ళికి దాచిన డబ్బు, అర ఎకరం పొలం ఆ గీతకు అవతల ఉండాలి. ఉన్న పని మానేయకండి. కోట గారు బ్యాంకు ఉద్యోగం చేస్తూనే రంగస్థలం మీద నిలబడ్డారని మరచిపోకండి. ఇంకొక మాట. వేషం ఇస్తామని చెప్పి రిజిస్ట్రేషన్ అనో, మేకప్ టెస్ట్ అనో, కార్డు అనో ముందుగా డబ్బు అడిగేవారు మీ ఆశను అమ్ముకుంటున్నారు. నేర్పేవారికి ఫీజు కట్టడం న్యాయం. పని ఇచ్చేవాడు మాత్రం మీకు కూలి ఇవ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే చాలా గుంటలు తప్పుతాయి.

మూడవది, కాలానికి హద్దు పెట్టండి. నెహెమ్యా రాజుకు గడువు చెప్పాడు. మీరు కూడా రెండేళ్ళనో మూడేళ్ళనో రాసుకోండి. ఆ తేదీ వచ్చినప్పుడు పుస్తకం తెరిచి ప్రార్థనతో చూసుకోండి. రాసిన పనులు చేశారా, చేస్తే ఏమి పెరిగింది, ఇంకా కొనసాగించాలా? గడువు లేని ఆశ మనిషిని మెల్లగా తినేస్తుంది. గడువు ఉంటే ఆగినా అవమానం ఉండదు. పారిపోయినట్టు కాక, ముగించినట్టు ఉంటుంది.

నాలుగవది, ఇంటివారి ఒప్పుదల. ఇది మేము చాలా గట్టిగా చెప్పే మాట. భార్యకు చెప్పకుండా భర్త, భర్తకు చెప్పకుండా భార్య ఈ దారిలో అడుగు పెట్టకూడదు. షూటింగుకు పొద్దున్నే రమ్మంటారు, రెండు మాటల కోసం చీకటి పడేదాకా కూర్చోబెడతారు. ఆదివారం అని చూడరు. ఆ రోజుల్లో పాలు పితికేది ఎవరు, ముసలి తల్లికి మందులు వేసేది ఎవరు? దీనికి జవాబు ఉంటేనే బయలుదేరాలి. కూర్చుని మాట్లాడితే చాలా ఇళ్ళలో దారి దొరుకుతుంది. సహోదరులారా, మీ కోరికకు భార్య ఒప్పుకోవాలని అడిగే మీరు, రేపు ఆమె "నాకూ పాడాలని ఉంది, నటించాలని ఉంది" అంటే నవ్వకుండా వినగలరా? మన ఊళ్ళలో మగవాడి కోరికకు ఒక నవ్వయితే, ఆడమనిషి కోరికకు పది నవ్వులు, పైన ఒక నింద. పని చేసే చోట ఆమెకు భద్రత ఉందా లేదా అని ఇంటివారు ముందే కనుక్కోవాలి. ఆ జాగ్రత్తను ఆమెను ఆపడానికి సాకుగా మాత్రం వాడకూడదు.

ఐదవది, హద్దులు ముందే రాసుకోండి. మమ్మల్ని ఎక్కువమంది అడిగేది ఇదే: "బొట్టు పెట్టుకుని పూజ చేసే పాత్ర వస్తే? తాగుబోతు వేషం వస్తే? బూతు డైలాగు ఇస్తే?" దానియేలు రాజు భోజనం బల్ల దగ్గరకు వెళ్ళాక ఆలోచించలేదు, ముందే తన హృదయంలో నిశ్చయించుకున్నాడు. మీరూ ఇంటి దగ్గరే నిశ్చయించుకోండి. తాగుబోతు వేషం తాగుడు ఎంత నాశనమో చూపించవచ్చు. అదే వేషం తాగుడును గొప్ప చేయనూవచ్చు. కథ అడిగి తెలుసుకోండి. ఇక ఇతర విశ్వాసాల ఆచారాలున్న పాత్రల గురించి మేము అందరికీ ఒకే చట్టం వేయం. రెండవ రాజులు 5వ అధ్యాయంలో నయమాను, తన యజమానునితో రిమ్మోను గుడిలో వంగవలసి వస్తుందని ఎలీషాతో భయపడుతూ చెప్పినప్పుడు, ప్రవక్త అతణ్ణి గద్దించకుండా సమాధానంతో పంపించాడు. అదే సమయంలో రోమా పత్రిక 14వ అధ్యాయం, సందేహంతో చేసేది పాపమని మనకు నేర్పుతుంది. మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే అడ్వాన్సు తీసుకోకముందే మర్యాదగా చెప్పండి. సెట్‌కు వెళ్ళి అందరినీ ఆపి అలగడం సాక్ష్యం కాదు, అవతలివారి కూలి పాడుచేయడం. పొరుగువారి ఆచారాన్ని తక్కువచేసి మాట్లాడటం అసలే తగదు.

వేషం రాకపోతే?

ఇది అడగకుండా ముగించలేం. రెండేళ్ళు కష్టపడ్డారు, లెక్క ప్రకారం చేశారు, ఒక్క వేషమూ రాలేదు. అప్పుడు దేవుడు చెయ్యి విడిచాడా? "ఆయనే పిలిచాడు" అని ఊరంతా చెప్పుకుని ఉంటే, అప్పుడు నలిగేది మీ పేరొక్కటే కాదు, మీ విశ్వాసం కూడా. అందుకే దేవుని పేరు మీద ముందుగా చాటింపు వేయకండి. "నాకు ఇష్టం ఉంది, నేర్చుకుంటున్నాను, ప్రభువు చిత్తమైతే వస్తుంది" అనండి. అది నిజం, తగ్గింపు కూడా.

మొదటి లక్ష్యాన్ని మీరు నిజంగా పాటించి ఉంటే మీ చేతులు ఖాళీగా ఉండవు. రోజూ పైకి చదివిన గొంతు మందిరంలో వాక్యం చదివితే వెనుక వరుసలో ముసలమ్మకు కూడా వినబడుతుంది. వేదిక భయం పోయిన మనిషి గ్రామసభలో లేచి రోడ్డు గురించి అడగగలడు. మరొకరి పాత్రలోకి దూరి, వాడెందుకు అలా చేశాడు అని ఆలోచించడం నేర్చుకున్నవాడు ఇంట్లో కోడలి కోపాన్ని కాస్త ఓర్పుతో వింటాడు. బడి పిల్లలకు నాటిక నేర్పేవారు ఊళ్ళో ఎవరూ లేరు, మీరు నేర్పవచ్చు. తెరమీద కనబడటమే గురి అయితే ఇవన్నీ ఓటమిలా అనిపిస్తాయి. దేవుడిచ్చినదాన్ని పాతిపెట్టకుండా వాడటం గురి అయితే, ఇవే ఫలాలు.

సంఘానికి మా విన్నపం. ఎవరైనా ఈ కోరిక చెప్పినప్పుడు నవ్వకండి, వెంటనే లేఖనంతో కొట్టకండి. "ఖర్చు ఎంత అనుకున్నావు? ఇంట్లో ఏమన్నారు? ఈ నెల ఏమి నేర్చుకున్నావు?" అని అడగండి. ఆ మూడు ప్రశ్నలు అడిగే అన్నో అక్కో దగ్గర ఉంటే సగం మోసాలు, సగం అప్పులు దూరంగా ఉంటాయి. అడిగేవారు లేకపోతే మన వాళ్ళు దాచిపెట్టి వెళ్తారు. దాచి వెళ్ళినవారు చిక్కుల్లో పడితే చెప్పుకోవడానికి కూడా తిరిగి రారు.

ప్రేమగల తండ్రీ, నడివయసులో నీవిచ్చిన వరాన్ని తీసి చూసుకుంటున్న నీ బిడ్డలకు ధైర్యమును, లెక్క చూచుకునే జ్ఞానమును దయచేయుము. వారి ఇండ్లలో సమాధానముంచుము. వేదిక మీద ఏ పాత్ర ధరించినను, ఇంట, వీధిలో, నీ సన్నిధిలో యథార్థులుగా నడుచుకొనునట్లు మమ్మును కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.